ఆర్టీఐ అర్జీ వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేస్తే?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. సీసీ రోడ్డు బిల్లుల గురించి పంచాయతీలో సమాచార హక్కు అర్జీ పెట్టాను. "నీకెందుకప్పా ఇవన్నీ, వెనక్కి తీసుకో" అని పెద్దమనుషులు ఇంటికొచ్చి అంటున్నారు. తీసుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) సెక్షన్ 6(2) ప్రకారం సమాచారం ఎందుకు కావాలో చెప్పాల్సిన పని మీకు లేదు. "ఎందుకు" అన్న మాటకు జవాబివ్వడం మొదలుపెడితేనే వాదన పెరుగుతుంది. "అర్జీ ఇచ్చేశానన్నా, ఏదున్నా రాతపూర్వకంగా ఇమ్మనండి" అని ఊరుకోండి. మన సీమలో ఇంటికొచ్చిన మనిషి మాట కొట్టేయడం కష్టమే, కాఫీ ఇవ్వండి, సంతకం మాత్రం ఇవ్వకండి. ముఖ్యంగా "సమాచారం అందింది" అని రాసుకొచ్చిన కాగితం మీద. అది పెట్టారంటే అప్పీలు బలహీనపడుతుంది.

అర్జీ ముట్టినట్టు తేదీ, సీలు ఉన్న కాపీ దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 దాకా జరిమానా పడుతుంది. సర్పంచ్ భయం కన్నా ఈ జరిమానా భయమే ఆఫీసులో ఎక్కువ పనిచేస్తుందని నా లెక్క.

ఒంటరిగా ఉంటే టెన్షనే. ఇంకో ఇద్దరు ముగ్గురు అదే సమాచారం వేర్వేరుగా అడిగితే, ఒక్కరినే పట్టుకుని బెదిరించడం కుదరదు. బెదిరింపు మాటల దాకా వస్తే మాత్రం ఆగకుండా పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చి, రశీదు తీసుకోండి.