పాత పుస్తకంలో కిరీటం ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రాన్సులో, లియాన్‌లో చదువుకుంటోంది. అక్కడ పాత పుస్తకాల షాపులో 18వ శతాబ్దపు పుస్తకం ఒకటి కొన్నది. అట్ట లోపలివైపు చిన్న ప్రింటు అంటించి ఉంది. డాలు, పైన కిరీటం, డాలు నిండా సన్నటి గీతలు. ఇది రాజవంశం వాళ్ళదా? ఆ గీతలేంటి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రాజవంశానిది అయ్యుండే అవకాశం చాలా తక్కువండీ. పుస్తకం ఎవరిదో తెలియడానికి అంటించుకునే చీటీ అది, ఎక్స్ లిబ్రిస్ అంటారు. అప్పటి ఫ్రాన్సులో ఇలా డాలు మీద వేసుకునే వంశచిహ్నం ప్రభువుల సొత్తేమీ కాదు. వకీళ్ళు, వర్తకులు, చివరికి చేతివృత్తుల సంఘాలు కూడా పెట్టుకునేవి. 1696లో 14వ లూయీ యుద్ధాలకి డబ్బు చాలక, చిహ్నం ఉన్నవాళ్ళంతా రిజిస్టరు చేయించుకోవాలని శాసనం తెచ్చాడు, మనిషికి 20 లివ్ర్‌లు (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఫీజు. షార్ల్ దొజియే అనే అధికారి నిర్వహించిన ఆ రిజిస్టర్లలో లక్షకు పైగా చిహ్నాలు ఎక్కాయి, ఎక్కువభాగం ప్రభువులు కానివాళ్ళవే. రానివాళ్ళకి ఆఫీసువాళ్ళే ఏదో ఒక బొమ్మ అంటగట్టి మరీ ఫీజు వసూలు చేశారు!

రిజిస్టరులో పేరు ఎక్కినంత మాత్రాన ప్రభువు అయిపోరు, ప్రభువులకుండే పన్ను మినహాయింపులూ రావు. అందుకే నలుగురికీ కనబడటం అంత ముఖ్యమైంది. రాగిరేకు మీద ఒకసారి చెక్కిస్తే వందల కాపీలు వస్తాయి, తన దగ్గరున్న ప్రతి పుస్తకంలోనూ అంటించుకోవచ్చు. పారిస్‌లో జాన్ షెవియార్ అనే ఆయన నగర పాలకుల చిహ్నాలన్నీ వరుసగా పేర్చి పెద్ద పెద్ద షీట్లు అచ్చువేసేవాడు. ఆ వరుసలో తమ డాలు ఉండటం ఆ కుటుంబాలకి ఎంత గర్వమో ఊహించండి.

కిరీటాన్ని మాత్రం నమ్మకండి. డ్యూకుకి ఒకటి, మార్కీకి ఒకటి, కౌంటుకి ఒకటని పద్ధతి ఉండేది కానీ, 18వ శతాబ్దానికి ఏ బిరుదూ లేనివాళ్ళు కూడా కౌంటు కిరీటం చెక్కించుకున్నారు.

ఇక గీతలు. అచ్చు నల్ల సిరాతోనే కాబట్టి రంగుల్ని గీతల్లో చూపించేవాళ్ళు, 1630ల చివర్లో స్థిరపడిన పద్ధతి ఇది, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా. నిలువు గీతలైతే ఎరుపు, అడ్డ గీతలైతే నీలం, చుక్కలు బంగారం, ఖాళీగా వదిలేస్తే వెండి, నిలువూ అడ్డం కలిస్తే నలుపు.

చీటీని ఊడదీయొద్దని అమ్మాయికి చెప్పండి. భూతద్దం పెట్టి రంగులు, బొమ్మలు రాసుకోమనండి. దొజియే రిజిస్టర్లు ఫ్రెంచి జాతీయ గ్రంథాలయం వాళ్ళ గాలికా సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, లియాన్‌కి సంబంధించిన సంపుటాలతో మొదలుపెట్టమనండి.