‘యెద్దు’ అని రాస్తే మాండలికం అయిపోదు
కథలు రాసే పాఠకుల ప్రశ్నలకు ఈ వారం జవాబులు

ప్రశ్న: మా ఊరి మాటలోనే కథ రాసి పంపితే ‘చదవడం కష్టంగా ఉంది’ అని తిప్పి పంపారు. సీమ మాటంటే ఇంత చిన్నచూపా? (ఒక పాఠకుడు, ఆదోని)

జవాబు: చిన్నచూపు ఉండేచోట ఉంది, కాదనం. కానీ మీరు జతచేసిన రెండు పేజీల్లో చిక్కంతా రాతతోనే వచ్చింది. మీ డైలాగు ఇది: ‘‘యేందిరా సిన్నోడా, యెప్పుడొచ్చినావ్‌రా, యెద్దులకి సొప్పేసినావా ల్యాదా?’’ ‘ఎద్దు’ను తెలుగువాళ్లం దాదాపు అందరం ‘యెద్దు’ అనే పలుకుతాం. అట్లా రాసినంత మాత్రాన యాస రాదు, కంటికి రాయి తగులుతుంది అంతే. యాస ఉండేది క్రియ చివర. ‘వచ్చావు’ అనకుండా ‘వచ్చినావు’ అంటాం, ‘పోతున్నాడు’ అనకుండా ‘పోతాండాడు’ అంటాం. ఆ తర్వాత పిలుపులో, వస్తువుల పేర్లలో ఉంటుంది. కాబట్టి ‘‘ఎప్పుడొచ్చినావురా? ఎద్దులకు సొప్ప వేసినావా ల్యాదా?’’ అంటే చాలు. ఆదోని మాట ఎక్కడికీ పోలేదు, చదివేవాడికి తడబాటూ లేదు.

‘అప్పా’ అనే పిలుపు సంగతి కూడా. మాటల్లో మనం అడుగడుక్కీ అంటాం. కాగితం మీద పేజీకి రెండుసార్లు దాటితే వెక్కిరింపులా ఉంటుంది. బతిమాలేటప్పుడో, విసుక్కునేటప్పుడో వాడండి.

కోస్తా పాఠకుడికి తెలియని మాటకు పక్కన అర్థం రాయొద్దు, పని చూపించండి. ‘గుంటక పాసినంక గడ్డి వేర్లతో సహా పైకి తేలింది’ అంటే అదేదో సేద్యపు పనిముట్టని వాడికే తెలిసిపోతుంది. ఇంకొకటి, మీ కథనంలో ఒకచోట ‘అన్నాడు’, ఇంకోచోట ‘అన్న్యాడు’ ఉన్నాయి. కథకుడు మామూలు తెలుగులో చెప్పి పాత్రలు యాసలో మాట్లాడొచ్చు, లేదా మొత్తం యాసలోనే నడపొచ్చు. రెండూ కలిపితే మాత్రం తప్పులా కనిపిస్తుంది. ల్యాదు/లేదు, యాడ/ఏడ లాంటి ఇరవై మాటలకు ఏ రూపం వాడతారో ఒక కాగితం మీద రాసి టేబుల్ దగ్గర అతికించుకోండి.

ప్రశ్న: బోరు ఎండిపోయిన రైతు మీద 3,400 మాటల కథ రాశాను. ఆదివారం అనుబంధానికి 1,500 మాటలే కావాలంటున్నారు. ఎక్కడని కోయాలి? (ఒక పాఠకురాలు, గుంతకల్లు)

జవాబు: మాటలు కోయకండి, సన్నివేశాలు కోయండి. విశేషణాలు ఏరేస్తూ కూర్చుంటే 3,400 కాస్తా 3,000 అవుతుంది, కథ మాత్రం బక్కచిక్కుతుంది. 1,500 మాటల్లో మూడు సన్నివేశాలు పడతాయి, మహా అయితే నాలుగు. మీ కథలో తొమ్మిదున్నాయి. రైతు పెళ్లి, అన్నదమ్ముల భాగాలు, బ్యాంకు అప్పు, ఇవన్నీ గడిచాక అయిదో సన్నివేశంలో బోరు లారీ వస్తుంది. కథ అక్కడ మొదలుపెట్టండి.

ఆ లారీ మీ చేతికి దొరికిన గడియారం. రాడ్డు వెనక రాడ్డు దిగుతూ ఉంటుంది, లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది, పైకి మాత్రం తెల్లదుమ్మే వస్తుంటుంది. టెంకాయ పట్టుకుని నీళ్లున్న చోటిదేనని పాయింటు పెట్టిన మనిషి వేపచెట్టు కింద కూర్చుని ఉంటాడు. ‘ఇంకో రాడ్డు దించమంటావా?’ అని డ్రైవరు అడిగిన ప్రతిసారీ రైతు ఎవరి మొహం చూస్తాడో రాయండి. భార్య మొహం చూస్తే అప్పు సంగతి అక్కడే తెలుస్తుంది. గట్టు మీద నిలబడిన అన్న మొహం చూస్తే భాగాల సంగతి తెలుస్తుంది. మీరు మూడు పేజీల్లో చెప్పిన గతమంతా రెండు చూపుల్లో వచ్చేస్తుంది. చివర్లో రైతు చేసే ఉపన్యాసం పేరా తీసేయండి, దానికదే 180 మాటలు.

ప్రశ్న: నా 12 కథలు సొంతంగా పుస్తకం వేసుకుందామనుకుంటున్నాను. లెక్క ఎట్లా వేసుకోవాలి? (ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు)

జవాబు: ముందు ఫారాలు లెక్కపెట్టండి. ఫారం అంటే 16 పేజీలు. కథ సుమారు 1,800 మాటలైతే మొత్తం 21,600. డెమ్మీ 1/8 సైజులో (మామూలు కథల పుస్తకం సైజు), 12 పాయింట్ల అక్షరాల్లో పేజీకి 230 మాటల దాకా పడతాయి కాబట్టి 94 పేజీలు. లోపలి టైటిలు, విషయసూచిక, ముందుమాట కలిపి ఎనిమిది. ప్రతి కథా కొత్త పేజీలో మొదలవుతుంది, ఆ ఖాళీలకు ఇంకో ఆరు. అంతా 108, అంటే ఏడు ఫారాల్లో (112) సర్దుకుంటుంది. అదే 114 అయిందా, ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారమో అర ఫారమో కట్టాలి. ముందుమాట రాసే పెద్దలకు పేజీల పరిమితి మొదటే చెప్పండి. మన పుస్తకాలు లావెక్కేది అక్కడే.

ధర 150 రూపాయలు పెట్టారనుకుందాం. షాపుకు కమిషన్ 40 శాతం ఇస్తే మీ చేతికి 90 వస్తుంది. అచ్చుకు కాపీకి 70 పడితే మిగిలేది 20. అందులోనే పార్సిలు. పుస్తకాలకు చవగ్గా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది కాబట్టి పోస్టు ఖర్చు విడిగా వేసుకోండి. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి అచ్చువేసే పద్ధతిలో, ఆ ప్లేట్ల ఖర్చు 300 కాపీలకైనా 1,000కైనా ఒకటే. అందుకే ఎక్కువ వేస్తే కాపీ చవకని ప్రెస్సువాళ్లు చెబుతారు. నిజమే, కానీ మంచం కింద అట్టపెట్టెల్లో చెదలు పట్టేవి ఆ చవక కాపీలే. మొదటి పుస్తకానికి 300 చాలు.

మీరు యూనికోడ్‌లో టైపు చేసిస్తే చాలా చోట్ల ప్రెస్సుల్లో వాడే పాత తరహా అనూ ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతారు. ఆ మార్పులో ‘ఫేస్‌బుక్’ కాస్తా ‘ఫేస్బుక్’ అవుతుంది, కొన్ని వత్తులు ఎగిరిపోతాయి. అందుకని ప్రూఫు మార్పు తర్వాతే, కాగితం మీదే చూడండి. ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) డబ్బు ఎవరికీ ఇవ్వొద్దు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, రచయిత సొంతంగా ఆన్‌లైన్లో అడగొచ్చు.

ప్రశ్న: ఒక ప్రచురణకర్త ‘సర్వహక్కులూ మావే’ అని రాసిన కాగితం మీద సంతకం అడుగుతున్నారు. (ఒక పాఠకురాలు, కడప)

జవాబు: ఆ ఒక్క మాట మీద సంతకం పెట్టొద్దు. ఏ హక్కు, ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, ఎంత సొమ్ముకు అన్న నాలుగూ విడివిడిగా రాయించుకోండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేనట్టయితే, అది మీకు తిరిగొస్తుంది. పుస్తకం అచ్చుకు మాత్రమే ఇచ్చి, అనువాదం, ఆడియో, సినిమా మీ దగ్గరే ఉంచుకోండి. మీ తదనంతరం 60 ఏళ్ల దాకా ఆ హక్కు మీ వారసులది.

ప్రశ్న: ఒకే కథను రెండు పత్రికలకు పంపితే తప్పా? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: ‘మరెక్కడా పరిశీలనలో లేదు’ అని కథతోపాటు పంపే హామీపత్రం మీద మీరే సంతకం చేస్తున్నారు కదా. మూడు నెలలు చూసి, కథను వెనక్కి తీసుకుంటున్నామని మొదటి పత్రికకు ఒక మెయిల్ పెట్టి, ఆ తర్వాత రెండో చోటికి పంపండి. మెయిల్‌లో కథ పేరు, పంపిన తేదీ రాయడం మరవొద్దు.