మీ కోపం ఆయన ఆట మీద కాదమ్మా

అమ్మా, మీ మెసేజ్ రెండు సార్లు చదివాను. కూకట్‌పల్లిలో ఫ్లాట్, ఆయనకి హైటెక్ సిటీలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఆయన ఆరున్నరకి వచ్చి లాప్‌టాప్ బ్యాగ్ సోఫాలో పడేసి టీ కూడా తాగకుండా సెల్లార్‌లోకి దిగిపోతారు, మీ పిల్లలు కాక బ్లాక్‌లో పిల్లలు ఇంకో పది మంది, ఏడు పెంకులాటో దాగుడుమూతలో ఎనిమిదింటి దాకా అదే గోల. మీ అత్తగారేమో "వీడికింకా చిన్నతనం పోలేదు" అంటారు, పక్కింటావిడ "మీ ఆయన భలే ఖాళీ అండీ" అంటుంది, అవన్నీ మనసులో పెట్టుకుని ఆయన పైకి రాగానే మీరు అరుస్తున్నారు, అరిచినందుకు మళ్లీ రాత్రంతా నిద్ర పట్టట్లేదు. "అంత మంచి నాన్నని నేనెందుకు మెచ్చుకోలేకపోతున్నాను మేడమ్" అని అడిగారు.

మీ మనసులో ఏ కుళ్లూ లేదమ్మా, అలసిపోయారు అంతే. ఆ గంటన్నరలో మీరేం చేస్తున్నారో మీరే రాశారు కదా, చపాతీలు, పొద్దున్నకి మినప్పప్పు నానబెట్టడం, అత్తగారి బీపీ మాత్రలు, తర్వాత పిల్లల హోంవర్క్. మీ కోపం ఆట మీద కాదు, ఆ టైంలో ఇల్లంతా మీ ఒక్కరి నెత్తిన పడుతున్నందుకు. ఆ సంగతి ఆదివారం పొద్దున పిల్లలు లేవకముందే కాఫీ దగ్గర ఆయనతో కూర్చుని తేల్చుకోండి, "పైకొచ్చాక హోంవర్క్ మీరు చూసుకోండి, గిన్నెలు మీరు సర్దండి" అని పని పేరు చెప్పి మరీ ఆయన్ని అడగండి. ఆట టైం మాత్రం కోసెయ్యకండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది, మన సిటీలో స్కూల్ బస్సులో సగం, ట్యూషన్‌లో సగం పోయే పిల్లలకి అది ఎక్కడ దొరుకుతుంది చెప్పండి, మీ పిల్లలకి దొరుకుతోంది.

మీరు మామూలుగా రాసేసి వదిలేసిన విషయం ఒకటుంది, నాకు అక్కడే కళ్లు చెమర్చాయి. మూడో ఫ్లోర్ బాబు, వాళ్ల నాన్న దుబాయ్‌లో, ఆరు దాటితే గేటు దగ్గర నిలబడి మీ ఆయన బండి కోసం చూస్తుంటాడని రాశారు. ఓ రోజు మీరు పిలవడానికి మెట్లు దిగితే ఆ బాబు పగిలిన టైల్స్ ముక్కలు పేరుస్తున్నాడు, కంగారులో రెండుసార్లు పడిపోయాయి, మీ ఆయనేమో బంతి చేతిలోనే పెట్టుకుని కారు కింద వెతుకుతున్నట్టు వంగి కూర్చున్నారు, వాడు ఏడోది పెట్టి అరిచేదాకా లేవలేదు. అమ్మా, ఎంత చూపు ఉంటే అలా చెయ్యగలరు! ఓడిపోతే ఏడవకుండా ఉండటం, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆట ఆపడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఇవన్నీ పిల్లలు అక్కడ ఒంట పట్టించుకుంటారు, క్లాసులో చెప్తే రావు.

ఆయనకి చెప్పాల్సింది ఇదే. ఊరికే "మీరు మంచి నాన్న" అంటే నవ్వేసి ఊరుకుంటారు. "ఆ రోజు బంతి మీ చేతిలోనే ఉందని నేను చూశాను" అనండి, వీలైతే మీ అత్తగారు వినేలా అనండి, కొడుకు గురించి ఆవిడకీ ఆ మాట కావాలి. పక్కింటావిడ మళ్లీ అంటే "ఖాళీగా లేరండీ, పిల్లల కోసం ఖాళీ చేసుకుంటున్నారు" అని నవ్వుతూనే చెప్పండి.

ఇంకోటి, ఏడింటప్పుడు సెల్లార్‌లోకి ఆఫీసుల నుంచి కార్లు వరసగా వస్తాయి, ఆ పిల్లలందరి అమ్మానాన్నలకీ ఎంతసేపు ఆడతారో ఎక్కడ ఆడతారో తెలిసుండాలి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆయన్నే ఒక మాట పెట్టమనండి, అసోసియేషన్ వాళ్లనడిగి ఒక మూల ఖాళీ చేయించుకుంటే ఇంకా మంచిది.

చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల బాగా ఆడేదాన్నని చివర్లో రాశారు. ఈ శనివారం కూర బయట నుంచి తెప్పించుకుని, ఒక సుద్దముక్క పట్టుకుని మీరూ కిందకి దిగండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.