ఆటోవాక్యూమ్‌ని ఆపనివ్వకు

అమ్ములూ,

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బాధ్యత నీ చేతికొచ్చిందనీ, ఆర్డర్ల టేబుల్లో లక్షల పాత రికార్డులు డిలీట్ చేసినా డిస్క్‌లో చోటు రాలేదనీ రాశావు. ఆటోవాక్యూమ్ వల్లే సర్వర్ స్లో అవుతోంది, దాన్ని ఆపేద్దాం అని మీ టీమ్‌లో ఎవరో అన్నారట. ఆ పని మాత్రం జరగనివ్వకు.

పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ కొట్టగానే రికార్డు చెరిగిపోదు. ఇక చెల్లదని గుర్తు పడుతుందంతే. అప్‌డేట్ చేసినా పాతది అక్కడే ఉంటుంది, కొత్తది వేరేగా రాస్తారు. అప్పటికే నడుస్తున్న ఇంకో ట్రాన్సాక్షన్‌కి (ఒకే పనిగా నడిచే ఆదేశాల గుంపుకి) పాతది కనిపించాలి కదా, అందుకు. అలా మిగిలిన డెడ్ రికార్డుల చోటును మళ్లీ వాడుకునేలా చేసేది వాక్యూమ్. దాన్ని తనంతట తానే నడిపేది ఆటోవాక్యూమ్. ఆ చోటు ఆ టేబుల్‌కే దక్కుతుంది. ఫైలు చివరి పేజీలు పూర్తిగా ఖాళీ అయితే తప్ప డిస్క్‌కి రాదు. కాబట్టి నీ డిలీట్ వృథా అయిందని టెన్షన్ పడకు, రేపు వచ్చే ఆర్డర్లు ఆ చోట్లోకే వెళ్తాయి.

మామూలు సెట్టింగ్‌లో టేబుల్లో దాదాపు 20 శాతం డెడ్ అయ్యాకే ఆటోవాక్యూమ్ మొదలవుతుంది. 10 కోట్ల రికార్డులుంటే 2 కోట్లు పోగయ్యేదాకా ఆగుతుందన్నమాట. అప్పుడు ఒక్కసారిగా పెద్ద పని పడి గంటల తరబడి నడుస్తుంది, అందరూ దాన్నే తిడతారు. ఆ ఒక్క టేబుల్‌కి స్కేల్ ఫ్యాక్టర్, అంటే ఆ 20 శాతం హద్దు, తగ్గించు. నేనైతే 0.02తో, అంటే 2 శాతంతో, మొదలుపెడతాను. తరచుగా నడిస్తే పని చిన్నదవుతుంది. పైగా నువ్వు ఆటోవాక్యూమ్‌ని ఆపినా అది పూర్తిగా ఆగదు. ట్రాన్సాక్షన్ నంబర్లు 32 బిట్‌లవి, అవి అయిపోయి మళ్లీ మొదటికి తిరిగే ప్రమాదం ఉంది కాబట్టి టేబుల్ వయసు 20 కోట్ల ట్రాన్సాక్షన్లు దాటితే బలవంతంగా వాక్యూమ్ మొదలవుతుంది.

సెట్టింగ్ మార్చాక కూడా డెడ్ సంఖ్య తగ్గకపోతే అసలు దోషి వేరే ఉంటాడు. చాలాచోట్ల నేను చూసింది ఇదే: ఎవరో బిగిన్ కొట్టి ట్రాన్సాక్షన్ తెరిచి, ఏదో అప్‌డేట్ చేసి, కమిట్ కొట్టి ముగించకుండా భోజనానికి వెళ్తారు. లేదా పొద్దున మొదలైన రిపోర్టు క్వెరీ సాయంత్రానికీ అవదు. అవి మొదలయ్యాక డెడ్ అయిన ఏ రికార్డునూ వాక్యూమ్ ముట్టుకోలేదు, వేరే టేబుల్‌వైనా సరే. అందుకే రోజూ పొద్దున్నే అన్నిటికంటే పాత ట్రాన్సాక్షన్ ఏదో చూడు. ట్రాన్సాక్షన్ తెరిచి ఖాళీగా కూర్చున్న సెషన్లకి టైమౌట్ పెట్టు, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. వాడటం మానేసిన రెప్లికేషన్ స్లాట్లు (కాపీ సర్వర్ల కోసం లాగ్‌ని దాచి ఉంచేవి) ఉంటే తీసెయ్యి, వాటివల్ల లాగ్ ఫైళ్లు పేరుకుని డిస్కే నిండిపోతుంది.

చోటుని డిస్క్‌కి తిరిగిచ్చే వాక్యూమ్ ఫుల్ జోలికి పగలు వెళ్లకు. టేబుల్ మొత్తం తిరగరాస్తుంది, అది అయ్యేదాకా సెలెక్ట్ కూడా నడవదు, కొత్త కాపీకి సరిపడా చోటూ కావాలి. ఉబ్బింది ఇండెక్సులే (రికార్డుల్ని త్వరగా వెతకడానికి వాడేవి) అయితే, 12వ వెర్షన్ నుంచి పని ఆపకుండానే రీఇండెక్స్ కన్‌కరెంట్లీతో వాటిని మళ్లీ కట్టుకోవచ్చు.

పాత ఆర్డర్లని ప్రతి నెలా తీసెయ్యాల్సిందే అయితే టేబుల్‌ని నెలవారీ పార్టిషన్లుగా, అంటే విడి ముక్కలుగా, మార్చండి. పార్టిషన్ డ్రాప్ చేస్తే చోటు వెంటనే డిస్క్‌కి వస్తుంది, డెడ్ రికార్డుల గొడవే ఉండదు. కాకపోతే ప్రతి రికార్డునీ వేరుగా గుర్తించే ప్రైమరీ కీలో తేదీ కూడా చేరాల్సి వస్తుంది, ఆ మార్పు గురించి డెవలపర్లతో ముందే మాట్లాడు.

మావయ్య