పోయిన బ్యాటరీ మూత గురించి మేనల్లుడికి

రాజమహేంద్రవరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నీవు పంపిన సందేశం చదివాను. ఫోనులో చెబితే కంగారులో సగం వినవని, తీరిగ్గా రాస్తున్నాను. పెళ్ళి ముహూర్తానికి ముందు బ్యాటరీ గ్రిప్ (కెమెరా అడుగున అదనంగా బిగించే బ్యాటరీల పిడి) తగిలించడం కోసం కానన్ 5డి మార్క్ 3 కెమెరా అడుగున ఉండే బ్యాటరీ మూతను ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నావు, తెల్లవారి చూసుకుంటే అది లేదు. గ్రిప్ తగిలించి ఉన్నంతకాలం మూత లేని సంగతి ఎవరికీ కనబడదు కనుక, కెమెరాను అలాగే స్టూడియోలో అప్పగించి, మూత దొరికినప్పుడు నిదానంగా చెప్పవచ్చా అని అడిగావు. మిగతావన్నీ తర్వాత రాస్తాను, ముందు ఈ ప్రశ్నకు జవాబు చెబుతున్నాను. వద్దు నాయనా. కెమెరా నీది కాదు, స్టూడియో యజమానిది. ఈ రోజే ఆయనకు చెప్పు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నీ వయసులో నేను దాచాను. 1991 గోదావరి పుష్కరాల నాడు మా గురువుగారి దగ్గర నికాన్ ఎఫ్ఎం2 ఫిల్మ్ కెమెరా ఉండేది. దాని అడుగున రూపాయి బిళ్ళతో తిప్పి తెరిచే చిన్న గుండ్రటి మూత ఉంటుంది, అందులో రెండు బటన్ సెల్స్ వేస్తారు. సెల్స్ మారుస్తూ ఆ మూతను నేను మెట్ల మీద జారవిడుచుకున్నాను. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టి, పైన టేపు అంటించి, ఏమీ ఎరగనట్టు కెమెరాను ఆయన చేతికిచ్చాను. ఎఫ్ఎం2 షట్టర్ పూర్తిగా యాంత్రికం కనుక సెల్స్ లేకపోయినా అది పనిచేస్తుంది, ఆగిపోయేది వెలుతురు కొలిచే మీటర్ ఒక్కటే. మధ్యాహ్నం దాకా టేపు నిలిచింది. సాయంత్రానికి చెమటకు అది వదులై, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో వెలగవలసిన మీటర్ ఎర్ర దీపాలు ఆరిపోయాయి. పగటి ఎండలో గురువుగారికి మీటర్‌తో పనిలేదు, కానీ మసక చీకట్లో అరటిదొప్పల్లో దీపాలు వదిలే వేళ ఎంతటి అనుభవమైనా అంచనా తప్పుతుంది. ఆ రోల్ కడిగితే నెగెటివ్ పలచగా, దాదాపు ఖాళీగా వచ్చింది. ఆయన నన్ను తిట్టలేదు. మూత ఎప్పుడు పోయిందని మాత్రం అడిగారు, నేను అప్పుడు కూడా తెలియదన్నాను. ఆ పుష్కరం మళ్ళీ 2003లో గానీ రాలేదు, అప్పటికి ఆయన లేరు.

నీ విషయంలో జరగబోయేది కూడా దాదాపు అలాంటిదే. ఏదో ఒక రోజు గ్రిప్ పాడవుతుంది, లేదా బరువెందుకని యజమానే దాన్ని ఊడదీస్తారు. మూత లేకపోతే ఆ కెమెరా అసలు వెలగదు. మూత మూసి ఉందో లేదో కనిపెట్టే చిన్న మీట ఒకటి బ్యాటరీ గది అంచున ఉంటుంది, అది నొక్కుకుంటేనే కెమెరాకు కరెంటు అందుతుంది. ఆ సంగతి ఆయనకు ఏ పెళ్ళి పందిట్లోనో, పీటల మీద జంట కూర్చున్న తర్వాతో తెలిస్తే, పోయేది ఒక ప్లాస్టిక్ ముక్క కాదు, వేరొకరి పెళ్ళి ఫోటోలు.

ఇక వెతకడం సంగతి. పందిరి ఇంకా విప్పలేదన్నావు కనుక ఈ రోజే వెళ్ళు. ఒకసారి తాటాకులు, కొబ్బరాకులు ఊడ్చి కుప్ప వేశారంటే నల్లటి ముక్క అందులో కలిసిపోతుంది. వెళ్ళే ముందు ఒక గంట కంప్యూటర్ ముందు కూర్చో. ప్రతి ఫ్రేముతో పాటు దాన్ని తీసిన సమయం సెకన్లతో సహా నమోదవుతుంది. గ్రిప్ లేకుండా తీసిన చివరి ఫోటో ఏది, గ్రిప్ తగిలించాక తీసిన మొదటి ఫోటో ఏది అని చూసుకుంటే, మధ్యలో ఉన్న ఆ పది నిమిషాల్లో నీవు ఎక్కడ నిలబడ్డావో గుర్తుకొస్తుంది. మూత జేబులోకే వెళ్ళలేదేమో, అక్కడే కుర్చీ మీద పెట్టి మరచిపోయావేమో ముందు అది తేల్చుకో. జేబులో వేసుకున్నావన్నది నిజమే అయితే, ఆ తర్వాతి ఫోటోల్లో కింది నుంచి తీసినవాటిని మాత్రమే ఏరుకో. కన్యాదానంలో వరుడి కాళ్ళు కడిగేటప్పుడు, సన్నికల్లు తొక్కించి మెట్టెలు పెట్టేటప్పుడు మనం మోకాళ్ళ మీద వంగి తీస్తాం. చొక్కా జేబులోని వస్తువు జారేది సరిగ్గా అప్పుడే. ఆ ఫోటోల వెనుక కనిపించే స్తంభం, అరటి బోదె, హోమగుండం చూస్తే నీవు ఏ పక్క వంగావో అడుగుల లెక్కన తెలుస్తుంది.

పందిట్లో పైనుంచి టార్చి కొట్టి వెతకకు. టార్చిని నేలకు ఆనించి, వెలుతురు నేల మీదుగా అడ్డంగా పోయేట్టు పట్టుకో. అప్పుడు తలంబ్రాల బియ్యపు గింజకు కూడా వేలెడు నీడ పడుతుంది, రెండంగుళాల మూత నీడ దూరం నుంచే కనిపిస్తుంది. ఉదయం పదింటి వెలుగులో గంటసేపు దొరకని వస్తువు ఇలా చీకటి పడ్డాక ఐదు నిమిషాల్లో దొరకడం నేను చాలాసార్లు చూశాను. కింద పరిచిన తివాచీల మడతలు, పీటల అడుగు, పురోహితుల సంచి పెట్టిన చోటు చూడు. పెళ్ళివారి ఇంట్లో ఊడ్చిన పనివారిని మర్యాదగా అడుగు, ఫోనులో అలాంటి మూత బొమ్మ తీసి చూపించు. అది కెమెరా సామాను అని తెలియక పిల్లలెవరో ఆడుకోవడానికి తీసుకుని ఉండవచ్చు. ఆ రోజు వేసుకున్న చొక్కా ఉతకడానికి వేశారేమో అక్కయ్యను అడుగు. వచ్చిన కారు సీట్ల సందులు, ఫ్లాష్ సంచి అడుగు కూడా చూడకుండా లేదనుకోవద్దు.

మూత దొరకకపోతే కొత్తది వచ్చేదాకా కెమెరా నుంచి గ్రిప్ ఊడదీయకు. ఆ మీట దగ్గర అగ్గిపుల్లో, కాగితం మడతో దూర్చి కెమెరాను వెలిగించే పద్ధతి ఒకటి ఉంది, అది ఎవరో ఒకరు నీకు చెబుతారు. చేయవద్దు. ఫోటో కార్డులోకి ఎక్కుతున్న క్షణంలో ఆ పుల్ల జారితే కరెంటు తెగిపోయి ఆ ఫోటో పాడవుతుంది. పైగా తెరిచి ఉన్న గదిలోకి పన్నీటి తుంపర, పసుపు, అక్షింతల పొడి నేరుగా పోతాయి. జిగురుతో, టేపుతో మూసినా అంతే, జిగురు ఆ మీట చుట్టూ పాకితే ఐదు నిమిషాల పని కాస్తా మరమ్మతుగా మారుతుంది.

కొత్త మూత తెప్పించడం కష్టమేమీ కాదు. దుకాణంలో దాన్ని బ్యాటరీ డోర్ అంటారు. 5డి అని మాత్రం చెప్పి ఊరుకోకు, మార్క్ 3 అని స్పష్టంగా చెప్పు, కెమెరా అడుగు భాగం ఫోటో తీసి పంపు. ఒక మోడల్ మూత పక్క మోడల్‌కు చూపుకు ఒకేలా కనబడినా పట్టకపోవచ్చు. అసలైనది దొరుకుతుందేమో సర్వీస్ సెంటర్‌లో అడిగి చూడు, కొంత ఆలస్యం కావచ్చు. చనిపోయిన కెమెరాల నుంచి తీసిన అసలు మూతలు మెకానిక్‌ల దగ్గర ఉంటాయి, నా మట్టుకు నేను కొత్త నకలు కంటే పాత అసలుకే ఓటు వేస్తాను. నకలు మూతల్లో కీలు దగ్గరి సన్నని పిన్ను స్ప్రింగు మెత్తగా ఉండి కొద్ది నెలలకే వదులవుతుంది. ఏది కొన్నా అక్కడే బిగించి చూడు. మూసినప్పుడు గొళ్ళెం పడ్డ చప్పుడు స్పష్టంగా వినబడాలి, అంచు చుట్టూ గోరు దూరే సందు ఉండకూడదు. కెమెరా వెలిగించి, మూత మీద వేలితో నాలుగైదుసార్లు తట్టు. ఒక్కసారి ఆరిపోయినా ఆ మూత వద్దు.

ఇంకొక విషయం నీకు ఎవరూ చెప్పినట్టు లేదు, అందుకు నాకు బాధగా ఉంది. ఆ కెమెరాకు వచ్చే బీజీ-ఈ11 గ్రిప్‌లోనే ఈ మూత దాచుకోవడానికి చోటు ఉంది. గ్రిప్ పైకి నిలబడి ఉండి బ్యాటరీ గదిలోకి దూరే కొమ్ము ఉంటుంది కదా, దాన్ని ఒకసారి జాగ్రత్తగా చూడు, మూత కొలతకు సరిపోయే గాడి కనిపిస్తుంది. మూతను అందులోకి నెట్టి గ్రిప్ బిగిస్తే, గ్రిప్ ఎక్కడుంటే మూత అక్కడే ఉంటుంది. చొక్కా జేబుతో పనే లేదు. ఇకమీదట గ్రిప్ తగిలించడం, తీయడం ఇంట్లోనే, బల్ల మీద తెల్ల తుండు పరిచి చేయి. నల్ల ముక్క తెల్ల బట్ట మీద ఉంటే కళ్ళ నుంచి తప్పించుకోలేదు. పని ముగిశాక సామాను సర్దేటప్పుడు కూడా ఆ తుండు మీదే పరిచి లెక్క చూసుకుని సంచిలో పెట్టు.

వ్యూఫైండర్ చుట్టూ ఉండే రబ్బరు కప్పు కూడా ఇలాగే పోతుంది. అది పైకి జారేట్టు అమర్చి ఉంటుంది కనుక, కెమెరా భుజాన వేలాడుతూ నడుముకు రాసుకుంటే కొంచెం కొంచెంగా లేచి ఊడిపోతుంది, కాబట్టి గంటకోసారి బొటనవేలితో కిందికి నొక్కుకో. పెద్ద లెన్స్‌కు ఉండే ట్రైపాడ్ పాదం మర బిగువును మాత్రం ప్రతి పనికీ ముందు చూసుకోవాలి. అది వదులైతే పోయేది పాదం కాదు, లెన్స్.

యజమానికి చెప్పడం ఎలా అని భయపడుతున్నావు. కథ చెప్పకు, కారణాలు పేర్చకు. "గురువుగారూ, ముహూర్తానికి ముందు గ్రిప్ తగిలిస్తూ బ్యాటరీ మూత పోగొట్టాను. గ్రిప్‌తో కెమెరా పనిచేస్తోంది, ఫోటోలన్నీ భద్రంగా ఉన్నాయి. ఈ రోజు పందిట్లో వెతుకుతాను, దొరకకపోతే నా డబ్బుతో తెప్పించి మీ ముందే బిగిస్తాను" అని చెప్పు. ఆయన కోప్పడితే పడనీ. ఫోటోలు భద్రమని ముందుగా వినబడితే ఆ కోపం ఎక్కువసేపు నిలవదు.

యజమానికి ఫోను చేశాకే పందిరి దగ్గరికి అమలాపురం బస్సెక్కు. మంచి టార్చి, కొత్త సెల్స్ వెంట పెట్టుకో. ఆదివారం కెమెరా, గ్రిప్ రెండూ తీసుకుని, యజమానిని అడిగే, మా ఇంటికి రా. ఆ గాడి ఎక్కడుందో నీ చేత్తోనే తెరిపించి చూపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య