911కి చేస్తే పోలీసులే వస్తారా? ఆస్టిన్‌లో మాకు జరిగింది చెప్తాను

మీ తమ్ముడు మూడు రోజులుగా తనలో తానే మాట్లాడుకుంటున్నాడని, అమెరికాలో అత్యవసర నంబరైన 911కి చేస్తే పోలీసులు తుపాకులతో దిగుతారేమోనని భయంగా ఉందని రాశారు. మా బావమరిది విషయంలో నేనూ అదే భయంతో రెండు రాత్రులు ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

వాడు ఇక్కడ ఎమ్మెస్ చదువుతూ మా ఇంట్లోనే ఉండేవాడు. నాలుగు రోజులు కన్ను మూయలేదు. ఆ రాత్రి హాల్లో కుర్చీ ఎక్కి స్మోక్ డిటెక్టర్‌కి సాక్సు తొడిగి దారంతో బిగించాడు. "మెల్లగా మాట్లాడు బావా, వింటున్నారు" అన్నాడు. అప్పుడు చేశాను ఫోన్.

టెక్సాస్‌లోని మా ఆస్టిన్‌లో 2021 నుంచి 911 వాళ్లు పోలీసా, ఫైరా, ఈఎంఎస్సా (అంబులెన్సా) అనడంతో ఆగరు, మెంటల్ హెల్త్ కావాలా అని కూడా అడుగుతారు. నేను అదే కావాలన్నాను. కాల్ సెంటర్లో ఉండే క్లినీషియన్‌కి, అంటే మానసిక ఆరోగ్య నిపుణురాలికి, కలిపారు. వీళ్లు ఇంటెగ్రల్ కేర్ అనే ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ మనుషులు.

కంగారులో నేను "కత్తులు" అన్నాను. ఆ క్లినీషియన్ వెంటనే ఆపి, "అతను కత్తి పట్టుకున్నాడా, మీరే ముందుజాగ్రత్తగా తీసి దాచారా?" అని అడిగింది. మా ఆవిడ దాచింది, వాడు ముట్టుకోలేదు అన్నాను. ఎవరిని పంపాలన్నది చాలావరకు ఇలాంటి జవాబుల మీదే ఉంటుంది. ఆయుధం ఉన్నా, ఎవరి ప్రాణానికైనా అప్పటికప్పుడు ముప్పు ఉన్నా పోలీసులు వస్తారు. అలాంటిది ఉంటే దాచకండి. లేనప్పుడు మాత్రం, కంగారులో ఆయుధం ఉన్నట్టు వినిపించేలా చెప్పకండి. వాడు ఏం మందులు వాడుతున్నాడు, ఏమైనా తాగాడా, ఇంట్లో ఏమని పిలుస్తారు అని కూడా అడిగింది.

మామూలు బట్టల్లో ఆ సంస్థవాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకాయన కార్పెట్ మీద వాడి పక్కనే కూర్చున్నాడు. సాక్సు సంగతి ఎత్తలేదు, ఎప్పుడు తిన్నావని అడిగాడు. వాడికి గుర్తు రాలేదు. మా ఆవిడ గిన్నెలో పెరుగన్నం కలిపి తెస్తే నాలుగు ముద్దలు తిని, వాళ్లతో హాస్పిటల్‌కి వెళ్లడానికి తనే చెప్పులు వేసుకున్నాడు.

రానని మొండికేస్తే టెక్సాస్‌లో వారెంట్ లేకుండా తీసుకెళ్లే అధికారం పోలీసులకే ఉంది, అదీ ప్రమాదం ఉందని నమ్మడానికి కారణముంటేనే. అలా తీసుకెళ్లాక 12 గంటల్లోపు డాక్టర్ చూడాలి. కోర్టు ఉత్తర్వు లేకుండా మామూలుగా 48 గంటలకి మించి ఉంచకూడదు. ఇది అరెస్టు కాదు, కేసూ కాదు. మా అత్తగారికి ఫోన్లో ఇది అర్థమయ్యేలా చెప్పడానికే నాకు గంట పట్టింది.

మీరు వేరే ఊళ్లో ఉంటే 911 వాళ్లు మెంటల్ హెల్త్ కావాలా అని అడగకపోవచ్చు. మీరే "మెంటల్ హెల్త్ క్రైసిస్, సీఐటీ శిక్షణ (ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లతో ఎలా మెలగాలో పోలీసులకిచ్చే శిక్షణ) ఉన్న ఆఫీసర్‌ని పంపండి" అని చెప్పండి, ఆయుధాలు లేకపోతే అదీ చెప్పండి. ఇంగ్లీషు తడబడితే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అనండి. ప్రమాదం లేదనిపిస్తే ముందు మానసిక సంక్షోభాలకు సాయం చేసే 988 హెల్ప్‌లైన్‌కి చేయండి, రాత్రీపగలూ ఎత్తుతారు. మీ తమ్ముడు ఈ రాత్రి కూడా పడుకోకపోతే తెల్లారేదాకా చూడకండి.