షుగర్ ఉంది, రక్తం తక్కువగా ఉంది... ఖర్జూరం ఎక్స్‌ట్రాక్ట్ వాడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 54. మాది జగిత్యాల. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నాను. మొన్న టెస్టులు చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 7.8 వచ్చాయి. ఒకటే నీరసం, మెట్లెక్కితే ఆయాసం. మా అబ్బాయి దుబాయ్ నుంచి అజ్వా ఖర్జూరాలు, ఖర్జూరం ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్ పంపాడు. వాటిలో యాంటీఆక్సిడెంట్లు ఎక్కువని, రక్తం పడుతుందని, షుగర్‌కు కూడా మంచిదని చెబుతున్నాడు. వాడొచ్చా? పళ్లయితే రోజుకు ఎన్ని తినొచ్చు?

జవాబు: అమ్మా, పళ్లు లెక్కగా తినండి. క్యాప్సూల్స్ మాత్రం మొదలుపెట్టకండి. అన్నిటికన్నా ముందు మీ హిమోగ్లోబిన్ ఎందుకు పడిపోయిందో తేల్చుకోవాలి. మీరు రాసినవాటిలో నాకు టెన్షన్ కలిగించింది ఆ 9.6.

ఖర్జూరంలో యాంటీఆక్సిడెంట్లు, అంటే ఆక్సిడేషన్ వల్ల కణాలు దెబ్బతినకుండా అడ్డుకునే పదార్థాలు ఉన్నమాట నిజమే. ఫెరూలిక్, కెఫిక్, గ్యాలిక్ లాంటి ఫినాలిక్ ఆమ్లాలు, క్వెర్సెటిన్, లూటియోలిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు ఇందులో ఉంటాయి. ఎక్స్‌ట్రాక్ట్ గురించి గొప్పగా వినపడే మాటల్లో చాలావరకు ల్యాబ్ పరీక్షల నుంచి వచ్చినవే. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో ఎక్స్‌ట్రాక్ట్ కలుపుతారు. ఊదా పోయి పసుపు ఎంతగా తేలితే యాంటీఆక్సిడెంట్ శక్తి అంత ఉన్నట్టు లెక్క. ఎలుకలకు లివర్‌ను దెబ్బతీసే రసాయనం ఇచ్చి, తోడుగా ఎక్స్‌ట్రాక్ట్ ఇస్తే నష్టం తగ్గిందని చూపిన పరిశోధనలూ ఉన్నాయి. అయితే గాజు గొట్టంలో జరిగింది మన ఒంట్లో అలాగే జరగదు. ఈ పదార్థాల్లో కొంత భాగమే పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది. ఆ చేరేదాన్ని కూడా పేగుల్లోని బ్యాక్టీరియా, లివర్ ముందే మార్చేస్తాయి.

మనుషుల మీద జరిగిన అధ్యయనాలు చిన్నవి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో చేసిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. 10 మంది ఆరోగ్యవంతులు రోజుకు 100 గ్రాముల చొప్పున 4 వారాలు మెడ్జూల్ లేదా హల్లావీ రకం ఖర్జూరాలు తిన్నారు. పరగడుపు షుగర్ పెరగలేదు. హల్లావీ తిన్నప్పుడు రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు, ఆక్సిడేషన్ ఒత్తిడి తగ్గాయి. వాళ్లెవరికీ షుగర్ జబ్బు లేదు కాబట్టి ఆ 100 గ్రాముల లెక్క మీకు పనికిరాదు. మీకు దగ్గరగా ఉన్నది బహ్రెయిన్‌లో జరిగిన అధ్యయనం. టైప్-2 డయాబెటిస్ ఉన్నవాళ్లకు రోజుకు 3 ఖర్జూరాలు 16 వారాలు ఇస్తే హెచ్‌బీఏ1సీ పెరగలేదు, తగ్గనూ లేదు. మొత్తం కొలెస్ట్రాల్ కొంత తగ్గింది. ఇవన్నీ పండు తిన్నవాళ్ల ఫలితాలు. క్యాప్సూల్ గురించి ఇవి ఏమీ చెప్పవు.

యాంటీఆక్సిడెంట్‌ను గాఢంగా మాత్రలో ఇస్తే మేలే జరగాలని లేదు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. ఖర్జూరం క్యాప్సూల్ అలా చేస్తుందని నేననను. కానీ మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. షుగర్‌కు మంచివని అమ్మిన కొన్ని సప్లిమెంట్లలో, డబ్బా మీద రాయని షుగర్ మందులు బయటపడిన సందర్భాలున్నాయి. మీరిప్పటికే గ్లిమెపిరైడ్ మీద ఉన్నారు. దానికి అలాంటిది తోడైతే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఇక రక్తం సంగతి. ఖర్జూరం తింటే రక్తం పడుతుందని మన ఇళ్లలో అందరూ నమ్ముతారు. 100 గ్రాముల ఖర్జూరంలో ఉండే ఐరన్ సుమారు 1 మిల్లీగ్రాము. రక్తహీనతకు ఇచ్చే మామూలు మాత్ర ఒక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అంత ఐరన్ ఖర్జూరం నుంచి రావాలంటే 6 కిలోలు తినాలి. 9.6 దగ్గర ఉన్న మనిషికి ఖర్జూరాలతో రక్తం పట్టదు.

నెలసరి ఆగిపోయే వయసులో హిమోగ్లోబిన్ ఇలా తగ్గిందంటే కారణం వెతకాల్సిందే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బి12 విటమిన్ తగ్గి, దానివల్ల రక్తం తగ్గవచ్చు. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నా రక్తం తగ్గుతుంది. పైల్స్ నుంచో, కడుపులో పుండు నుంచో, పేగుల్లో గడ్డ నుంచో కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉండవచ్చు, అది కంటికి కనపడకపోవచ్చు. అందుకే సీబీపీ (రక్తకణాల పరీక్ష), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు), బి12, కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, మలంలో రక్తం పరీక్ష చేయించండి. ఐరన్ తక్కువని తేలితే మీ డాక్టర్ ఎండోస్కోపీ, కొలనోస్కోపీ కూడా చేయించుకోమనవచ్చు. భయపడి వాయిదా వేయకండి. ఐరన్ లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ అసలు కన్నా ఎక్కువగా చూపించే అవకాశం ఉంది. కాబట్టి ఆ 7.8ను చూసి మందుల డోసు పెంచే ముందు ఈ సంగతి డాక్టర్‌తో చర్చించండి.

పళ్ల లెక్క చెబుతాను. ఖర్జూరం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. పెద్ద మెడ్జూల్ ఒక్కటి 24 గ్రాములుంటే అందులో చక్కెర 16 గ్రాములు, అంటే నాలుగు టీస్పూన్లు. అజ్వా చిన్నది కాబట్టి రోజుకు రెండు సరిపోతాయి, మెడ్జూల్ అయితే ఒకటే. సాయంత్రం టీతో తినే బిస్కెట్లు మానేసి, వాటి బదులు గుప్పెడు వేరుశనగలతో కలిపి తినండి. భోజనం అయ్యాక పైన తినొద్దు. మొదటి వారం తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. ఖర్జూరం సిరప్ జోలికి వెళ్లకండి. అందులో పీచు పోయి తీపి మిగులుతుంది. క్రియాటినిన్ ఎక్కువగా వస్తే, పొటాషియం రిపోర్టు చూసి డాక్టర్ సరేననేదాకా పళ్లు కూడా ఆపండి. 100 గ్రాముల ఖర్జూరంలో పొటాషియం 650 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, కిడ్నీ దెబ్బతింటే అది రక్తంలో పేరుకుపోవచ్చు.

ఐరన్ మాత్రలు మొదలయ్యాక మలం నల్లబడటం మామూలే. మాత్రలు వేసుకోకముందే తారులా నల్లగా వస్తున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, ఛాతీలో బరువుగా అనిపించినా పరీక్షల తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.